హామిల్టన్ బ్రూస్ గారి వెల్డింగ్

ఆక్లాండ్ తెలుగువాళ్ళలో బ్రూస్ గారి పేరు విననివాళ్ళు లేరు. ఉండేది హామిల్టన్‌లో. వెల్డింగ్‌లో నలభై ఏళ్ళ అనుభవం. శనివారం పొద్దున్నే మౌంట్ రాస్కిల్‌లో మా ఇంటికి వస్తాడు, షెడ్డు తలుపు వేసుకుని పని చేస్తాడు, ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోతాడు. కంటపడకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. అలాంటి మనిషే లేడు. ఆ వెల్డింగ్ చేసింది నేను.

నా పేరు ప్రణీత. మనురేవాలో పడవల ట్రెయిలర్లు తయారుచేసే చోట ఎనిమిదేళ్ళుగా వెల్డర్‌ని. ఇండియాలో మెకానికల్ ఇంజనీరింగ్, ఇక్కడికొచ్చి బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదివాను. మేనేజ్ చేసుకోమని ఎవరూ ఒక బిజినెస్ చేతిలో పెట్టలేదు గనక ట్రెయిలర్ల షెడ్డులో ఊడ్చే పనికి చేరాను. ఫోర్‌మన్ సియోనే అనే ఆయన ఒకరోజు పనికిరాని రెండు ఇనప ముక్కలు, వెల్డింగ్ టార్చ్ చేతికిచ్చి అతకమన్నాడు. అతికాను. ఆయన చాలాసేపు చూసి, రేపటి నుంచి చీపురు వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. నా జీవితంలో నాకు దక్కిన ప్రమోషన్ అదే, దాన్ని చూసి నేను ఇప్పటికీ మురిసిపోతాను.

మురిసిపోయేది నేనొక్కదాన్నే. మా ఆయన శశిధర్ బిజినెస్ అనలిస్ట్. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ప్రొడక్షన్ సైడ్" అంటాడు. అని, వెంటనే వర్షం సంగతి ఎత్తుకుంటాడు. ఆక్లాండ్‌లో వర్షం ఎప్పుడూ ఉంటుంది గనక అతనికి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఈ శశిధర్‌కు నలభై ఒకటో ఏట స్పోర్ట్స్ కారు కట్టాలనిపించింది. కొనాలని కాదు, కట్టాలని. ఆఫీసులో ఇద్దరు కివీలు, అంటే ఇక్కడి తెల్లవాళ్ళు, ఇంటి షెడ్డులో పాత బ్రిటిష్ కార్ల నకళ్ళు కట్టుకున్నారట. లంచ్‌లో వాళ్ళు ఛాసిస్ గురించి, అంటే బండి అడుగు చట్రం గురించి, మాట్లాడుకుంటుంటే ఇతను పప్పన్నం తింటూ వింటూ కూర్చునేవాడు. అరవైల నాటి రెండు సీట్ల బండి, ముందు పొడుగాటి బానెట్, ఇంజిన్ మాత్రం గుద్దుకుపోయిన జపాన్ కారుది. ప్లాన్లు తెప్పించాడు, ఇనప గొట్టాలు తెప్పించాడు, చేతికి తొడుగులు కూడా కొన్నాడు. రాత్రికి రాత్రే "మై ప్రాజెక్ట్" అని స్టేటస్ పెట్టాడు.

ఇక్కడ మా మామయ్య గురించి చెప్పాలి. ఆయన పేరు నర్సయ్య. జగిత్యాల బస్టాండు పక్కన గేట్లు, గ్రిల్స్ చేసే దుకాణం నడిపాడు. ముప్పై అయిదేళ్ళు వెల్డింగ్ రాడ్ పట్టుకుని కొడుకును చదివించాడు. ఆ పనిలో కుడికన్ను మసకబారింది. వాళ్ళ నాన్న వారమంతా చేసిన పని శశికి సిగ్గు. అదే పని ఆఫీసు కివీ శనాదివారాలు చేస్తే హాబీ. ఈ తేడా ఏమిటో ఏ అనలిస్ట్ అయినా నాకు విడమర్చి చెబితే వింటాను.

మొదటి రెండు వారాలు శశి వీడియోలు చూసి తానే వెల్డింగ్ చేశాడు. ఎలా వచ్చిందంటే పిట్టలు వరసగా కూర్చుని రెట్టలేసి వెళ్ళినట్టు వచ్చింది. కాలితో తంతే రెండు గొట్టాలూ విడివిడిగా పడ్డాయి. తన్నింది నేనే. ఆ రోజు అతని మొహం చూసి జాలేసింది. "జరుగు," అని నా వెల్డింగ్ హెల్మెట్ తెచ్చుకుని కూర్చున్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ తర్వాతి ఆరు శనివారాలు నాకు చాలా ఇష్టంగా గడిచాయి. పెళ్ళయిన పదేళ్ళలో నేను పని చేస్తుంటే శశి పక్కన నిలబడి చూడడం అదే మొదటిసారి. అడిగింది అందించేవాడు. అతుకు చల్లారాక వేలితో తడిమి "అబ్బ, ఎంత నీట్‌గ వచ్చింది ప్రణీ!" అనేవాడు. ఆ ఒక్క మాటకు నేను మెత్తబడిపోయి, షెడ్డు తలుపు సగం దించి ఉంచడం, రోడ్డు మీద మనవాళ్ళ కారు ఆగితే అతను బయటికెళ్ళి, పని ఆపమని నాకు తెలిసేలా దగ్గడం చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

ఒకరోజు అతను ఆ అతుకుల ఫోటోలు తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వెల్డింగ్ ఎవరు చేశారని ఎవరో అడిగారు. మా ఆయన "బ్రూస్, హామిల్టన్. నలభై ఏళ్ళ ఎక్స్‌పీరియన్స్" అని రాశాడు. ఇక చూస్కోండి, పొగడ్తలు! ఎంతైనా కివీ చెయ్యి కివీ చెయ్యే అన్నారు. మనవాళ్ళకు ఈ డెడికేషన్ రాదన్నారు. అవన్నీ నేను లంచ్ బాక్సు సర్దుకుంటూ చదివాను. ఆ గ్రూపులో నాకు అంతకుముందు వచ్చిన పొగడ్త ఒక్కటే, ఉగాదికి తెచ్చిన బొబ్బట్లు మెత్తగా ఉన్నాయని. అవి కూడా కొన్నవే.

"ఎవడు వాడు బ్రూస్?" అని అడిగాను.

"ఊరికె ప్రణీ. ఏదో ఒక పేరు. నువ్వంటె అందరు నూరు ప్రశ్నలడుగుతరు. బాపు గూడ వస్తున్నడు. కోడలు ఈడికొచ్చి గదే పని చేస్తున్నదని తెలిస్తె ఆయన మనసు కష్టపడతది."

నేను పోట్లాడాల్సింది. పోట్లాడలేదు.

జూన్‌లో మామయ్య విజిటర్ వీసా మీద వచ్చాడు. శశి ఆయనను అందరికీ "డాడీ, ఫాబ్రికేషన్ బిజినెస్" అని పరిచయం చేశాడు. మామయ్యకు ఇస్త్రీ చొక్కా తొడిగి, ఎక్కువ మాట్లాడొద్దని చెప్పి సోఫాలో కూర్చోబెట్టేవాడు. పాపం ఆయనకు పొద్దుపోయేది కాదు. సాయంత్రాలు వీధుల్లో నడిచొచ్చి "గీ దేశంల ఇండ్లకు గేట్లే లేవేంది బిడ్డా? మాసొంటోల్లు ఎట్ల బతకాలె?" అని దిగులుపడేవాడు. ఇంట్లో ఇద్దరు వెల్డర్లను దాచిపెట్టి మా ఆయన ఊరంతా ఎక్స్‌పర్ట్ సలహా కోసం తిరుగుతుండేవాడు.

తిరగ్గా తిరగ్గా దొరికినాయన శ్రీరామచంద్రమూర్తి అంకుల్. రాజమండ్రి మనిషి, బోటనీ డౌన్స్‌లో కొడుకు దగ్గర ఉంటారు. ముప్పై రెండేళ్ళు సర్కారు ఇంజనీరు. ఎన్నో వంతెనల కాగితాల మీద ఆయన సంతకముందట. వంతెనల మీద చెయ్యి పడిందో లేదో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన మా షెడ్డులోకి చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి, ఛాసిస్ చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను చూసి "అమ్మాయ్, కాఫీలో పంచదార తగ్గించు," అన్నారు. ఆ రోజు నుంచి ఆయనే మా కన్సల్టెంట్.

అసలైన ఎక్స్‌పర్ట్ వేరే ఉన్నాడు. ఇక్కడ ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే ముందు సర్టిఫయర్ చూసి సంతకం పెట్టాలి. మాకు కుదిరినాయన పేరు గ్రాహమ్. ఛాసిస్ ఒట్టి ఇనుముగా ఉన్నప్పుడు ఒకసారి ఫోన్ చేసి శశికి స్పష్టంగా చెప్పాడు: అతుకులు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి, గ్రైండర్ పెట్టి గీకొద్దు, రంగు వేయొద్దు, నేను వచ్చి కళ్ళతో చూస్తాను అని. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. శశీ విన్నాడు. వినడం మా ఆయనకు బాగా వచ్చు.

కానీ ఇంజిన్, చక్రాలు బిగించడం అయ్యేసరికి, గ్రాహమ్ ఇంకా రాకముందే, అంకుల్ ముహూర్తం పెట్టేశారు. శ్రావణ శనివారం, పొద్దున పదీ నలభై రెండు. ఆ సమయం రాజమండ్రి పంచాంగంలోది. "ఆక్లాండ్ టైముకు మార్చారా అంకుల్?" అని అడిగాను. "శుభ ఘడియకు టైమ్ జోన్ ఏవిటమ్మా!" అన్నారు. కొబ్బరికాయ కొట్టడం, గ్రాహమ్ చేత సంతకం పెట్టించడం, వెంటనే సాండ్రింగ్‌హామ్ రోడ్డు దాకా మొదటి రైడ్, పక్క సీట్లో అంకుల్. ఇదీ ఆయన ప్రణాళిక. సంతకం తర్వాత రిజిస్ట్రేషన్ అనేది ఇంకొకటుందని ఎవరికీ గుర్తు లేదు. గ్రాహమ్‌కు ఇడ్లీ, గారె పెట్టి మర్యాద చేస్తే సంతకం దానంతటదే పడుతుందని, మన దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టర్లను తాను ఎంతమందిని చూశారో చెప్పారు. నలభై మందికి వాట్సాప్‌లో ఆహ్వానాలు వెళ్ళాయి.

నలభై మంది వస్తున్నారంటే బండి చూడ్డానికి బాగుండాలి కదా! ముహూర్తానికి వారం ముందు శనివారం నేను ఓవర్‌టైముకు పోయాను. సాయంత్రం ఇంటికొచ్చి షెడ్డులో అడుగుపెట్టాను. ఛాసిస్ ఎర్రగా మెరిసిపోతోంది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరిచినట్టు వేసిన నా అతుకులు ఒక్కటీ కనబడలేదు. గ్రైండర్ పెట్టి నున్నగా గీకేసి, పైన రంగు కొట్టేశారు.

"ఏవిటో ఎగుడుదిగుడుగా నత్త పాకినట్టుంటే ఫినిషింగ్ చేయించాను," అన్నారు అంకుల్, చేతులు దులుపుకుంటూ. "ఆ బ్రూసు పనిమంతుడే గానీ ఫినిషింగ్ తెలీదయ్యా."

"నేను వద్దన్న బిడ్డా," అన్నాడు మామయ్య మూలనున్న స్టూలు మీంచి. "గీకితె బలం పోతదని చెప్పిన. గది మీ గేట్ల బిజినెస్ల నడుస్తది, ఇది ఆటోమొబైల్ అని ఈ సారు అన్నరు. ఇగ నేనేమంట?"

అంకుల్ వెళ్ళాక శశి మీద విరుచుకుపడ్డాను. "ముందు చక్రాలను పట్టుకునే బ్రాకెట్ అతుకులు గూడ గీకిన్రు. వందలో పోతున్నప్పుడు ఊడితే చక్రం ఒకదిక్కు, నువ్వొకదిక్కు! గ్రాహమ్‌కి ఇయ్యాల్నే ఫోన్ చెయ్. రావద్దని చెప్పు. రంగు గీకేసి నేను మళ్ళ వేస్త."

"నలభై మందిని పిలిచినం ప్రణీ. అంకుల్ ఏమనుకుంటరు? పెద్దమనిషి, ప్రేమతోని చేసిండు."

"పెద్దమనిషి గీకిన చక్రం గూడ ప్రేమతోనే ఊడతదా?"

"గ్రాహమ్‌కి నున్నగుంటెనే ఇంక నచ్చొచ్చు," అన్నాడు. అలా అంటున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. నాకు కోపం నషాళానికెక్కింది. సరే, ఆ గ్రాహమే వచ్చి చెప్పనీ అనుకుని నోరు మూసుకున్నాను. వారం పాటు నేను మాట్లాడింది మామయ్యతోనే.

ముహూర్తం రోజు వాన లేదు. అది కూడా తన ఘనతే అన్నట్టు అంకుల్ పట్టుపంచెతో వాకిట్లో తిరుగుతున్నారు. షెడ్డు తలుపు పూర్తిగా ఎత్తి, బంతిపూలు కట్టారు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ. పెట్రోలు మాత్రం సంతకం అయ్యాకే పోయాలని, క్యాను తీసుకెళ్ళి పెరట్లో పెట్టించారు. ఆయన పెట్టిన నియమాలన్నింట్లో పనికొచ్చింది అదొక్కటే. నేను పట్టుచీరలో వంటింటికీ షెడ్డుకీ మధ్య పులిహోర బేసిన్లు మోస్తున్నాను.

పదింటికి గ్రాహమ్ వచ్చాడు. డెబ్భైకి దగ్గరగా ఉంటాడు. ఆగస్టు అంటే ఇక్కడ చలికాలం, అయినా నిక్కరు, చేతిలో టార్చిలైటు, పిడి ఉన్న చిన్న అద్దం. జనాన్ని చూసి కొంచెం బిత్తరపోయి, గారెల ప్లేటు తర్వాత తీసుకుంటానని చెప్పి, బానెట్ మొత్తం ఎత్తి పక్కన పెట్టించి కారు కిందికి దూరాడు. అందరూ ఫోన్లు పట్టుకుని వీడియోలు తీస్తున్నారు. చాలాసేపటికి బయటికొచ్చాడు. మోకాలికి కుంకుమ అంటింది.

"ఈ అతుకుల మీద గ్రైండర్ పెట్టింది ఎవరు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అంకుల్ ముందుకొచ్చారు. "నేనే! ఫినిషింగ్ బై మీ!" అన్నారు. రెండు ఫోన్లు ఆయన వైపు తిరిగాయి.

"అయితే దీన్ని నేను పాస్ చేయలేను," అన్నాడు గ్రాహమ్ మెల్లగా. అతుకు ఎంత లోతుగా పట్టిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరని, గీకడంలో బలం పోయిందని, ముందు వైపు బ్రాకెట్లు కోసేసి మళ్ళీ వేయాలని, మిగతావి రంగు తీసి చూడాలని వివరించాడు. టైము పదీ నలభై ఒకటి. కొబ్బరికాయ పట్టుకున్నాయన ఇప్పుడు కొట్టాలా వద్దా అని అందరి మొహాలూ చూస్తున్నాడు.

అంకుల్ ఒక్క క్షణం తడబడ్డారు. ఒక్క క్షణమే. "అసలు వెల్డింగే బాగాలేదండీ, అందుకే గదా గీకించాల్సొచ్చింది! ఆ బ్రూసు మోసం చేశాడు. కనబడకుండా వచ్చిపోయినప్పుడే నాకు డౌటొచ్చింది." అంతే, అందరూ బ్రూస్ మీద పడ్డారు. నిన్నటిదాకా కివీ చెయ్యి అని మొక్కినవాళ్ళే వాడి మీద కంప్లైంట్ ఇవ్వాలన్నారు. "ఏమంటావ్ శశీ?" అన్నారు అంకుల్.

శశి నా వైపు చూశాడు. పులిహోర బేసిన్ నా చేతుల్లోనే ఉంది. అతను చూపు తిప్పుకుని "అవునంకుల్, బ్రూస్‌దే తప్పు," అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. పేరు దాచినప్పుడు ఊరుకున్నాను. పొగడ్తలు వాడికి పోతే నవ్వుకున్నాను. నా పని మంచిదని తెలిసి కూడా, వేలితో తడిమి చూసి కూడా, నలుగురిలో తిట్టనిచ్చాడే!

ఇదంతా తెలుగులో జరగడంతో గ్రాహమ్‌కు ఏమీ అర్థం కాలేదు. అతను అద్దం చూపిస్తూ అన్నాడు. "అడుగున ఒక మూలలో గ్రైండర్ పట్టలేదు. ఆ ఒక్క అతుకు మాత్రం మిగిలింది. చాలా మంచి పని అది. దాన్ని వేసినవాళ్ళనే పిలిచి మిగతావి వేయించుకోండి. ఎవరు వాళ్ళు?"

బేసిన్ కింద పెట్టాను. "నేను," అన్నాను ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా. "అన్నీ నేనే వేశాను."

అందరూ నా వైపు తిరిగారు. తర్వాత అంకుల్ పకపకా నవ్వారు. "భలేదానివమ్మాయ్! మొగుణ్ణి గట్టెక్కించడానికి ఎంత మాటన్నావు!" అందరూ నవ్వారు. పట్టుచీర కట్టుకుని వెల్డింగా అని ఎవరో అన్నారు, మళ్ళీ నవ్వారు. నేను శశినే చూస్తున్నాను. ఒక్క మాట చాలు. అతను కూడా నవ్వాడు. నవ్వలేక నవ్వాడు, అయినా నవ్వాడు.

గ్రాహమ్ మాత్రం నవ్వలేదు. ఏ మెషీన్, ఎంత కరెంటు మీద వేశావని అడిగాడు. చెప్పాను. తల ఊపి, గారెల ప్లేటు తీసుకుని తన బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అంకుల్ కొబ్బరికాయ ఊరికే పోకూడదని దేనికో ఒకదానికి కొట్టించి, అందరినీ పెరట్లోకి భోజనాలకు తోలుకెళ్ళారు.

నేను ఇంట్లోకి పోయి చీర మార్చి, పనికి వేసుకునే మందపాటి బట్టలు వేసుకున్నాను. షెడ్డు మూలలో కూర్చుని బూట్ల తాళ్ళు బిగిస్తుంటే మామయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. నా చేతి పక్కన తన ముంజేయి పెట్టాడు. ఆయన చేతి మీద ముప్పై అయిదేళ్ళ నిప్పురవ్వల మచ్చలు, చిన్న చిన్నవి. నా చేతి మీదా అవే.

"వచ్చిన రెండో దినమే నాకెర్క బిడ్డా," అన్నాడు. "వాడు చెప్తడని ఎదురుసూసిన. నువ్వన్న చెప్తవనుకున్న. నీ చెయ్యి నా చెయ్యికన్న మంచిగున్నది."

ఎనిమిదేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. బూటు తాడు ముడి రెండుసార్లు తప్పింది.

అప్పుడే శశి వచ్చాడు. తండ్రిని, నన్ను, నా బట్టల్ని చూసి "సిగ్గు కాదు ప్రణీ," అన్నాడు. "భయం. చిన్నప్పటి సంది బాపు కన్నుల నీళ్ళు కారుడు చూసిన. రాత్రుళ్ళు మంటకు కండ్లమీద ఆలుగడ్డ ముక్కలు కట్టుకుని పండుకునేటోడు. నువ్వు గూడ..."

"భయమైతే నాకు మంచి హెల్మెట్ కొనిచ్చేటోనివి," అన్నాను. "సిగ్గు కాబట్టి పేరు మార్చినవ్. ఇంతకుముందు అందరు నన్ను చూసి నవ్వుతుంటే ఏం భయమేసి నవ్వినవ్ శశీ?"

నేను ఇంక వినదల్చుకోలేదు. పెట్రోలు ఎలాగూ పోయలేదు, బ్యాటరీ కూడా తీయించి, గ్రైండర్‌కు కోసే చక్రం బిగించి ముందు బ్రాకెట్ కోసేశాను. గీకిన చోట అతుకు ఎంత పలచబడిందో కోసిన అంచు చూస్తే కనబడింది. ఆ ముక్క తీసి శశి చేతిలో పెట్టాను. పక్క సీట్లో అంకుల్‌ను కూర్చోబెట్టుకుని తను పోబోయింది దీని మీదే. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పలచబడిన అంచు వెంట వేలితో తడిమాడు.

గొట్టం శుభ్రం చేసి, ముందే కోసి పెట్టుకున్న ఇంకో బ్రాకెట్ తీశాను. ఇంజిన్ అడ్డమొచ్చి క్లాంప్ పట్టలేదు. ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి. మామయ్య లేవబోయాడు. "నువ్వు కూసో బాపు," అని శశి తన కొత్త తొడుగులు వేసుకుని, అదనపు హెల్మెట్ పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని బ్రాకెట్ పట్టుకున్నాడు. ఎంత చదివినా వెల్డర్ కొడుకు నలభై ఒకటో ఏట మొదటిసారి ఇంకొకరి నిప్పు కింద చెయ్యి పెట్టాడు.

"ఎడమకు, ఇంకింత. ఆఁ, గట్లనే ఉంచు," అంటూ మామయ్య స్టూలు మీంచి చెబుతున్నాడు. నేను ముక్కను నిలబెట్టే మొదటి చుక్క వేశాను. రవ్వ ఒకటి ఎగిరి శశి మణికట్టు దగ్గర పడింది. అబ్బా అన్నాడు గానీ వదల్లేదు.

ఆ వెలుగు పెరట్లోకి కనబడినట్టుంది. అంకుల్ చేతిలో పులిహోర ప్లేటుతో తలుపు దగ్గరికి వచ్చారు. ఆయన వెనక పదిమంది. హెల్మెట్, తొడుగులు, మందపాటి బట్టల్లో ఉన్న నన్ను చూసి ఆయన కళ్ళు పెద్దవి చేశారు. "ఏమయ్యా శశీ! బ్రూసు వచ్చేశాడా? పిలవగానే వచ్చాడంటే వాడికీ సిగ్గున్నట్టే!"

నేను ఆగిపోయాను. హెల్మెట్ ఎత్తలేదు. ఎత్తి నేనే చెప్పొచ్చు, ఇందాక చెప్పాను కూడా. ఇప్పుడు శశి ఊరికే తల ఊపితే చాలు. బ్రూస్ వచ్చాడు, తప్పు దిద్దాడు, వెళ్ళిపోయాడు. అంతకంటే సులువైన అబద్ధం అతనికి జన్మలో మళ్ళీ దొరకదు. ఊపితే మాత్రం టార్చ్ అక్కడే పెట్టేసి మనురేవా దగ్గర ఒక గది చూసుకుందామని ఆ క్షణంలోనే అనుకున్నాను.

శశి తన హెల్మెట్ పైకెత్తాడు. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"బ్రూస్ లేడంకుల్," అన్నాడు. వెనకున్నవాళ్ళకు వినబడలేదని మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఎన్నడు లేడు. నేను అబద్ధం చెప్పిన. ఈమె మా ప్రణీత. మనురేవాల ట్రెయిలర్ల షెడ్డుల వెల్డర్. మీరు గీకింది ఈమె చేసిన పనే. ఇందాక ఆమె నిజం చెప్తె నేను గూడ మీతోటి నవ్విన. అగో ఆ కూసున్నది మా బాపు. జగిత్యాలల గేట్లు, గ్రిల్స్ చేసెటోడు. నాకు పని రాదు, నేను పట్టుకునెటోన్ని."

అంకుల్ ప్లేటు అలాగే పట్టుకుని నిలబడిపోయారు. వెనక ఎవరూ నవ్వలేదు. గ్రాహమ్ దూరం నుంచి ఏమైందన్నట్టు చూస్తున్నాడు.

"ముచ్చట తర్వాత," అన్నాడు మామయ్య. "కదలకురా, అతుకు పోతది."

శశి మళ్ళీ రెండు చేతులతో బ్రాకెట్ పట్టుకున్నాడు. హెల్మెట్ లోపల నాకు ఏడుపొచ్చింది. వెల్డర్‌కు అది మంచిది కాదు, అతుకు పడాల్సిన గీత కనబడదు. హెల్మెట్ ఎత్తి, అందరి ముందే కళ్ళు తుడుచుకుని, రెండో చుక్క వేశాను.